సలహా వచ్చింది, తరవాతేమిటి?

రొమ్ము క్యాన్సర్ వచ్చిన 638 మంది వైద్య వివరాలను బెంగళూరు మణిపాల్ ఆసుపత్రి వైద్యులు ఐబీఎం కంపెనీ తయారు చేసిన వాట్సన్ సాఫ్ట్‌వేర్ ముందు పెట్టారు. ఆ రోగులకు ఏ చికిత్స ఇవ్వాలో 2014 నుంచి 2016 దాకా అక్కడి ట్యూమర్ బోర్డు, అంటే సర్జరీ, కీమో, రేడియేషన్ నిపుణులు కలిసి కూర్చుని నిర్ణయించే మండలి, అప్పటికే తేల్చింది. అవే కేసులకు యంత్రం ఏం చెబుతుందో చూడాలన్నది వాళ్ల ఉద్దేశం. 2018లో ‘ఆనల్స్ ఆఫ్ ఆంకాలజీ’ పత్రికలో ఫలితం అచ్చయింది. 93 శాతం కేసుల్లో మండలి మాట, యంత్రం మాట కలిశాయి. రెండు, మూడు దశల్లో ఉన్న క్యాన్సర్ల విషయంలో కలిసినంతగా మొదటి, నాలుగో దశల విషయంలో కలవలేదు. వయసు మీదపడిన రోగుల విషయంలోనూ తేడాలు ఎక్కువే వచ్చాయి. ఈ 93 ఎలా వచ్చిందో కూడా వైద్యులు దాచకుండా రాశారు. మొదట తేడా వచ్చిన కేసులను 2016లో మండలి మళ్లీ చూసింది, ఎందుకంటే ఈలోగా కొత్త మందులు, కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. మండలి చెప్పిన చికిత్స వాట్సన్ ‘సిఫారసు’ల్లో ఉన్నా, ‘ఆలోచించవచ్చు’ అన్న జాబితాలో ఉన్నా కలిసినట్టే లెక్క వేశారు.

ఇలాంటి అంకె వినగానే యంత్రం నెగ్గిందనిపిస్తుంది. కాస్త నిలబడి ఆలోచిస్తే సంగతి వేరు. వైద్యులూ యంత్రమూ ఒకే మాట చెప్పిన 93 శాతం మందికి యంత్రం వల్ల కొత్తగా ఒరిగిందేమీ లేదు, అది లేకపోయినా వాళ్లకు అదే చికిత్స అందేది. లాభమో నష్టమో జరగడానికి వీలున్నది మిగిలిన 7 శాతంలోనే. అక్కడ ఎవరి మాట సరైనదో తేల్చాలంటే రోగులు ఎంత కాలం బతికారు, ఎంత బాధ తప్పింది అన్నది చూడాలి. ఏకీభావాన్ని కొలిచే అధ్యయనం ఆ పని చేయదు, చేస్తానని ఇదీ అనలేదు. వాట్సన్ సంగతే చూడండి. దానికి న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు పాఠాలు నేర్పారు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ కేంద్రం వేరే వాట్సన్ ప్రాజెక్టు మీద 6.2 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, రోగుల దగ్గరికి చేర్చకుండానే ఆపేసింది. 2022లో ఐబీఎం తన వాట్సన్ హెల్త్ వ్యాపారాన్ని ఫ్రాన్సిస్కో పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసి చేతులు దులుపుకుంది. వాట్సన్ కథ ముగిసింది కానీ, అది వదిలివెళ్లిన అలవాటు మాత్రం అలాగే ఉంది. యంత్రం ఎంత కచ్చితంగా చెబుతుందన్నదే ఇప్పటికీ మన కొలబద్ద. ఆ సలహా విన్నాక రోగికి ఏం జరిగిందన్నది కొలబద్ద కావాలని నా వాదన. ఈ వాదనకు ఆధారం ఎక్కడో అమెరికాలో వెతకనక్కర్లేదు, పశ్చిమ గోదావరి పల్లెల్లో, కర్ణాటక సర్కారు ఆసుపత్రుల్లో, బెంగళూరు, విశాఖపట్నం షుగర్ క్లినిక్కుల్లో జరిగిన పరీక్షలే చాలు.

బెంగళూరు సర్జాపుర రోడ్డు మీద నిలబడి చూస్తే ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో తెలుస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు దాటి తూర్పుకు వస్తే దొడ్డకన్నెల్లిలో విప్రో ప్రధాన కార్యాలయం, దాని చుట్టూ అపార్టుమెంట్లు, పెద్ద పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు. దేశదేశాల ఆసుపత్రులకు కావలసిన సాఫ్ట్‌వేర్ రాసే మనుషులు ఈ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్లలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఆ రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకు పోతే ఆనేకల్ తాలూకాలోని సర్జాపుర ఊరు వస్తుంది. అక్కణ్ణుంచి అత్తిబెలె, హోసూరు దగ్గరే. ఆ పట్టీలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలున్నాయి. రోడ్డు ఈ కొసన ఉన్న మనిషికి జ్వరం వస్తే రక్తపరీక్ష దగ్గర్నుంచి మందుల చీటీ దాకా కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ఆ కొసన ఉన్న మనిషి బీపీ ఒక కాగితం మీదో, చిన్న పుస్తకంలోనో ఉంటుంది, ఒక్కోసారి ఎక్కడా ఉండదు. సలహా ఇచ్చే సాఫ్ట్‌వేర్ నేర్చుకునేది మొదటి మనిషి దగ్గర, ఎక్కువ అవసరపడేది రెండో మనిషికి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఈ పరికరాలు ఏం చేస్తాయో ముందు తెలుసుకోవాలి. పునాది ఊహ పాతదే. 1972లో ఇంగ్లండులోని లీడ్స్‌లో డి డోంబల్ అనే సర్జన్ బృందం విపరీతమైన కడుపునొప్పితో వచ్చిన 304 మంది లక్షణాలను కంప్యూటర్లో వేసింది. నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు జరిగింది, వాంతులు ఉన్నాయా, ఇలాంటి ప్రశ్నలకు వచ్చిన జవాబులను పాత కేసుల లెక్కలతో పోల్చి, అపెండిసైటిసా, పిత్తాశయం వాపా, మరేదైనానా అని సంభావ్యత కట్టింది ఆ యంత్రం. దాని నిర్ధారణ 91.8 శాతం సరిపోయింది, వైద్యుల్లో అందరికంటే అనుభవజ్ఞుడైన వైద్యుడిది 79.6 శాతం. ఇప్పటి గుండెజబ్బు ముప్పు పట్టికలూ ఆ దారిలోనివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో వయసు, ఆడా మగా, పొగ తాగుతారా, షుగర్ ఉందా, పై బీపీ ఎంత లాంటివి వేస్తే రాబోయే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంతో బయటికొస్తుంది. ఇంకా కొత్తవి కంటి ఫొటోలు, ఈసీజీలు, వార్డులో ప్రతి గంటా నమోదయ్యే నాడి, ఊపిరి, జ్వరం చూసి హెచ్చరికలు పంపుతాయి. చేసేదంతా ఒకటే, గతంలో జరిగిన వేల కేసుల్లో ఇలాంటి మనిషికి ఏమైందో చూసి, ఈ మనిషికి ఏం కావచ్చో అంచనా కట్టడం.

ఈ అంచనాలో ఒక మెలిక ఉంది. వార్డులో వెయ్యి మంది ఉన్నారనుకుందాం, వాళ్లలో 20 మందికి రక్తంలో ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్ రాబోతోంది. పరికరం జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో నూటికి 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి ఎంతో బాగుంది. లెక్క వేస్తే 18 మందిని పట్టుకుంటుంది, కానీ ఏ జబ్బూ లేని 980 మందిలో 98 మంది మీద కూడా గంట మోగిస్తుంది. అంటే 116 సార్లు గంట మోగితే అందులో 98 ఉత్తవే. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు మూడో రోజుకి ఆ గంటను పట్టించుకోవడం మానేస్తుంది. తప్పు ఆమెది కాదు. మందులకు సంబంధించిన కంప్యూటర్ హెచ్చరికలను వైద్యులు 49 నుంచి 96 శాతం దాకా పక్కన పెడుతున్నారని 2006లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. అమెరికాలో వందలాది ఆసుపత్రులు వాడే ఎపిక్ కంపెనీ సెప్సిస్ సాఫ్ట్‌వేర్‌ను మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు తమ రోగుల మీద పరీక్షించి 2021లో ఫలితాలు బయటపెట్టారు. అది సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని పట్టుకోలేకపోయింది, అయినా ఆసుపత్రిలో చేరిన మొత్తం మందిలో 18 శాతం మంది మీద గంట మోగించింది. అమ్మేటప్పుడు చెప్పిన అంకెలకూ వార్డులో తేలిన అంకెలకూ ఇంత దూరం.

అయితే పరికరం బాగా పనిచేసి, వాడేవాళ్లు శ్రద్ధగా వాడితే? ఈ ప్రశ్నకు జవాబు పశ్చిమ గోదావరి జిల్లాలో దొరికింది. హైదరాబాదులోనూ కార్యాలయం ఉన్న జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద ఉన్న 54 గ్రామాల్లో ‘స్మార్ట్‌హెల్త్ ఇండియా’ పేరుతో పెద్ద పరీక్ష చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఆమె ఇంటింటికీ వెళ్లి 40 ఏళ్లు దాటినవాళ్ల బీపీ చూసి, వివరాలు అడిగి, ట్యాబ్‌లో వేస్తుంది. ముప్పు ఎక్కువని తేలితే వైద్యుడి దగ్గరికి వెళ్లమంటుంది. పీహెచ్‌సీ వైద్యుడికీ ఏ మందు రాయాలో సూచించే అలాంటి సాయమే ఉంది. ఏ కేంద్రంలో ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా తేల్చారు, కాబట్టి ఫలితాన్ని పోల్చడానికి గట్టి ఆధారం ఉంది. రెండేళ్లలో 62,194 మందిని చూశారు, 8,642 మందికి గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉందని తేలింది. డిగ్రీలు లేని పల్లె ఆడవాళ్లు ట్యాబ్ పట్టుకుని ఇంతమందిని వెతికి పట్టుకోవడం చిన్న విషయం కాదు. పరికరం తన పని చేసింది, ఆశాలు తమ పని చేశారు.

2019లో ‘ప్లాస్ వన్’ పత్రికలో అసలు ఫలితం వచ్చింది. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో పై బీపీ 140 లోపుకి దిగినవారు పరికరం వాడిన కాలంలో 41.2 శాతం, వాడని కాలంలో 39.2 శాతం. లెక్కలు సవరించి చూస్తే తేడా లేనట్టే. ఈ ఫలితాన్ని చాలామంది ‘విఫలమైన సాంకేతికత’ అని చదివి పక్కన పెడతారు. నాకు ఇది మనకున్న అన్ని సాక్ష్యాల్లోకీ విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే గొలుసులో ఏ లంకె తెగిందో ఇది చూపిస్తోంది. బీపీ తగ్గాలంటే ముప్పు గుర్తించాలి, మనిషి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, వైద్యుడు ఉండాలి, మందు రాయాలి, మందు దొరకాలి, నెలనెలా మళ్లీ దొరకాలి, ఏ నొప్పీ లేని మనిషి ఆ బిళ్లను రోజూ మింగాలి. మొదటి మెట్టును ట్యాబ్ నున్నగా చేసింది. మిగతా మెట్లన్నీ ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆశా కార్యకర్తకు మందు రాసే అధికారం లేదు, బిళ్లలు ఇచ్చే అధికారమూ లేదు. కోస్తావాళ్లకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. తుపాను వస్తోందని రేడియోలో ఎంత సరిగ్గా చెప్పినా, ఎత్తైన షెల్టరూ, అక్కడికి తీసుకెళ్లే బస్సూ లేకపోతే 1977 దివిసీమ ఉప్పెన విషాదం మళ్లీ జరుగుతుంది. ఆ తరవాతి దశాబ్దాల్లో ప్రాణాలు దక్కింది వాతావరణ శాఖ లెక్కలు మెరుగైనందుకు మాత్రమే కాదు, షెల్టర్లు కట్టి, ఊళ్లు ఖాళీ చేయించినందుకు కూడా.

ఒక్క పరీక్షతో ఇంత మాట అనవచ్చా అంటే, రెండోది కూడా ఉంది, అది కర్ణాటకది. హర్యానా, కర్ణాటక రాష్ట్రాల్లో 40 కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ‘ఎంవెల్‌కేర్’ అనే సాఫ్ట్‌వేర్‌ను బీపీ గానీ షుగర్ గానీ ఉన్న 3,698 మంది మీద పరీక్షించారు. ట్యాబ్‌లో నర్సు వివరాలు వేస్తే వైద్యుడికి చికిత్స సూచన వస్తుంది. సగం కేంద్రాల్లో సాఫ్ట్‌వేర్ లేదు, కానీ సిబ్బందికి శిక్షణా, గోడ మీద పట్టికలూ ఇచ్చారు. 2019లో ‘సర్క్యులేషన్’ పత్రికలో ఫలితం వెలువడింది. రెండు వర్గాల్లోనూ బీపీ తగ్గింది, కానీ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట లేనిచోటి కంటే ఎక్కువేమీ తగ్గలేదు. షుగర్ కూడా అంతే. మంచి శిక్షణ, గోడకు అంటించిన చార్టు చేసే పనిని మించి ట్యాబ్ ఏదీ చేయలేకపోయిందన్న మాట. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఇది రుచించదు గానీ, చార్టు ధర ఎంతో అందరికీ తెలుసు.

ఇక మూడో సాక్ష్యం. షుగర్‌తో పాటు కుంగుబాటు కూడా ఉన్న 404 మంది రోగులను బెంగళూరు, విశాఖపట్నం, చెన్నై, ఢిల్లీల్లోని నాలుగు క్లినిక్కుల్లో ‘ఇండిపెండెంట్’ అనే పరీక్షలో చేర్చుకున్నారు. ఇక్కడా చికిత్స సూచించే సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి తోడు వైద్యుడు కాని ఒక సమన్వయకర్తను పెట్టారు. రోగికి ఫోను చేసి మందు వేసుకుంటున్నారా అని అడగడం, కలిసి మాట్లాడటం, చక్కెర దిగని రోగుల సంగతి వైద్యుడి దృష్టికి తీసుకెళ్లడం ఆ మనిషి పని. నిపుణులు అప్పుడప్పుడూ కేసులన్నీ ముందేసుకుని సమీక్షించేవారు. ఇదంతా ఏడాది పాటు జరిగింది, ఆ తరవాత ఇంకో ఏడాది ఆపేసి చూశారు. 2020లో ‘జామా’ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, రెండేళ్ల చివర కుంగుబాటు సగానికి తగ్గి, చక్కెర, బీపీ, కొలెస్ట్రాల్‌లలో ఒక్కటైనా తగినంత మెరుగుపడినవారు ఈ వర్గంలో 71.6 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 57.4 శాతం. అంతకుముందు 2016లో వెలువడిన ‘కార్స్’ పరీక్ష కూడా ఇదే చెప్పింది. భారత్, పాకిస్తాన్లలోని 10 క్లినిక్కుల్లో 1,146 మంది షుగర్ రోగులకు సాఫ్ట్‌వేర్‌తో పాటు సమన్వయకర్తను ఇస్తే, చక్కెర అదుపులో ఉండి, దానితో పాటు బీపీ గానీ కొలెస్ట్రాల్ గానీ లక్ష్యానికి చేరినవారు 18.2 శాతం అయ్యారు, మామూలు వైద్యంలో 8.1 శాతమే. రెట్టింపు కంటే ఎక్కువ.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని తప్పించుకోకూడదు. ఈ రెండు పరీక్షల్లో సాఫ్ట్‌వేరూ మనిషీ జంటగా ఉన్నారు, గొప్పతనం ఎవరిదో ఎలా విడదీస్తారు? విడదీయలేం, నిజమే. క్లినిక్కులు కూడా వేరు రకంవి: నగరాల్లోని నిపుణుల క్లినిక్కుకు వచ్చే రోగి వేరు, పల్లె పీహెచ్‌సీకి వచ్చే రోగి వేరు. కాబట్టి సమన్వయకర్త లేకపోవడం వల్లే పశ్చిమ గోదావరిలో ఫలితం రాలేదని తేల్చి చెప్పలేం. కానీ ఒక విషయం గమనించండి. సాఫ్ట్‌వేర్ నాలుగు పరీక్షల్లోనూ ఉంది. ఫలితం వచ్చిన రెండింటిలోనూ సలహా వెంటపడి, దాన్ని పూర్తి చేయించే మనిషి ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే అయితే ఏపాటి ప్రభావం చూపుతుందో విడిగా కూడా తెలుసు. ప్రపంచవ్యాప్తంగా 108 పరీక్షలను కలిపి 2020లో ‘బీఎంజే’లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, కంప్యూటర్ సూచనల వల్ల సరైన వైద్యం అందినవారి వాటా సగటున 5.8 శాతం పాయింట్లు పెరిగింది. అదీ సరైన మందు రాయడం లాంటి పనుల విషయంలోనే, రోగి ఆరోగ్యం ఎంత మెరుగైందన్నది దాని తరవాతి మాట. 5.8 చిన్నదేమీ కాదు, చేతిలో ఉన్నది వదులుకోనక్కర్లేదు. కానీ ఇది విప్లవం అని ప్రకటించుకోదగ్గ అంకె కాదు.

మరో అభ్యంతరం డబ్బుది. సమన్వయకర్తకు జీతం ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్ ఒకసారి రాస్తే కోటి మందికి పనికొస్తుంది కదా అంటారు. సాఫ్ట్‌వేర్ ఖర్చు ఒక్కసారితో తీరేది కాదని ఆసుపత్రి లెక్కలు చూసే ఎవరైనా చెబుతారు. లైసెన్సులు, సర్వర్లు, మారిన మార్గదర్శకాలకు తగ్గ సవరణలు, కొత్త సిబ్బందికి శిక్షణ ఏటా ఉంటాయి. సమన్వయకర్తకు వైద్యపట్టా అక్కర్లేదు, ఓపిక, నమ్మకం కలిగించే మాట, రోగి మాట్లాడే భాష కావాలి. సర్జాపుర వైపు ఆ భాష ఒకటి కాదు, కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, దక్షిణాదికి కొత్తగా వచ్చిన కూలీలతో హిందీ, బెంగాలీ కూడా. ఇన్ని భాషల్లో రోగిని ఒప్పించే సాఫ్ట్‌వేర్ సంగతేమో గానీ, మూడు నాలుగు భాషలు మాట్లాడే అమ్మాయిలు ఆనేకల్ తాలూకాలో వీధికొకరు దొరుకుతారు.

యంత్రానికి అలవాటుపడితే వైద్యుల నైపుణ్యం తుప్పు పడుతుందన్న భయం కూడా వట్టిది కాదు. పోలండ్‌లో పెద్దపేగు కొలనోస్కోపీ చేసే వైద్యుల మీద జరిగిన అధ్యయనం 2025లో వచ్చింది. కృత్రిమ మేధ సాయం మొదలయ్యాక, ఆ సాయం లేకుండా చేసిన పరీక్షల్లో వాళ్లు క్యాన్సర్‌గా మారగల గడ్డలను పట్టుకునే రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. అయితే లీడ్స్‌లో డి డోంబల్ దీనికి వ్యతిరేకమైనది చూశాడు. కంప్యూటర్ ఉన్నంత కాలం వైద్యుల సొంత నిర్ధారణలే మెరుగుపడ్డాయి, పరీక్ష ఆగగానే మళ్లీ దిగిపోయాయి. రోగిని పద్ధతిగా ప్రశ్నలడగడం ఆ యంత్రం తప్పనిసరి చేసింది, లాభం అక్కణ్ణుంచే వచ్చింది. వైద్యుడి చేత ఆలోచింపజేసే పరికరమా, వైద్యుడి బదులు తానే ఆలోచించే పరికరమా అన్న తేడా కొనేవాళ్లు గుర్తుపట్టాలి.

ఈ కాలపు కొత్త కృత్రిమ మేధ భాషా నమూనాలు వచ్చాక పాత పరీక్షలు పనికిరావని కొందరంటారు. కొత్త నమూనా డాక్టరు కంటే బాగా రోగనిర్ధారణ చేస్తుందని రేపు తేలినా, పశ్చిమ గోదావరి గొలుసులో అది బాగుచేసేది మళ్లీ ఆ మొదటి లంకెనే. పైగా తప్పు మరింత నున్నగా, నమ్మకంగా చెప్పగల యంత్రం దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. గణాంకాల పక్షపాతం సంగతి సరేసరి. అమెరికాలో ఎవరికి అదనపు సంరక్షణ ఇవ్వాలో చెప్పే ఒక పరికరం, రోగి మీద గతంలో ఎంత ఖర్చయిందన్నది జబ్బు తీవ్రతకు కొలతగా తీసుకుంది. నల్లజాతివారి మీద ఖర్చు తక్కువ కాబట్టి వాళ్లకు జబ్బు తక్కువని తేల్చింది. ఆ లోపం సరిచేస్తే అదనపు సాయం అందే నల్లజాతి రోగుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని 2019లో ‘సైన్స్’ పత్రికలో లెక్క చూపారు. మన దగ్గర కార్పొరేట్ ఆసుపత్రి బిల్లుల మీద పాఠాలు నేర్చిన సాఫ్ట్‌వేర్‌ను తీసుకెళ్లి, బిల్లు ముఖమే ఎరుగని మనుషుల మీద పెడితే ఏమవుతుందో ఊహించడానికి ఎక్కువ తెలివి అక్కర్లేదు.

సరైన దిశలో నడిచినవి మన దగ్గరే ఉన్నాయి. జాతీయ స్థాయిలో బీపీ అదుపు కోసం మొదలైన ఐహెచ్‌సీఐ కార్యక్రమం తొలి విడతలోనే తెలంగాణలోకి వచ్చింది. అందులో వాడే ‘సింపుల్’ అనే యాప్ తయారీలో బెంగళూరు బృందాల చేయి ఉంది. ఆ యాప్ పెద్ద జోస్యాలేమీ చెప్పదు. బీపీ ఎంతో కొన్ని సెకన్లలో నమోదు చేసుకుంటుంది, ఈ నెల మందుకు రాని వాళ్లెవరో జాబితా ఇస్తుంది, నర్సు ఆ జాబితా చూసి ఫోన్ చేస్తుంది. దాని వెనక ఏ బీపీకి ఏ బిళ్ల అన్న ఒకే వరుస, ఆ బిళ్లల నిల్వ ఉన్నాయి. నా దృష్టిలో ఇది వాట్సన్ కంటే తెలివైన పరికరం, ఎందుకంటే చివరి లంకెను పట్టుకుంది. అలాంటి ఆలోచనే కర్ణాటక ప్రభుత్వం 2023లో తెచ్చిన పునీత్ రాజ్‌కుమార్ హృదయజ్యోతి పథకంలోనూ ఉంది. తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని కృత్రిమ మేధ సాయంతో నిమిషాల్లో చదువుతారు, బెంగళూరు జయదేవ హృద్రోగ సంస్థ లాంటి హబ్ ఆసుపత్రిలోని నిపుణులు చూస్తారు. గుండెపోటని తేలితే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. ఈ కథలో కీలకం ఈసీజీ చదివే వేగం ఒక్కటే కాదు, ఆ ఖరీదైన ఇంజెక్షన్ తాలూకా ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉండటం కూడా.

చట్టం కూడా ఈ గొలుసు చివర మనిషినే నిలబెట్టింది. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు, కృత్రిమ మేధ వేదికలు రోగికి నేరుగా సలహా ఇవ్వకూడదని, మందు రాయకూడదని, వైద్యుడికి సాయపడవచ్చని స్పష్టంగా చెప్పాయి. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇలాంటి పరికరాలకు నైతిక మార్గదర్శకాలు ప్రచురించింది. కాగితం మీద నియమాలు సరిపోతాయి, చిక్కంతా కొనే చోట ఉంది. టెండరులో కచ్చితత్వం శాతం అడుగుతారు, సర్వర్ వేగం అడుగుతారు. రోగుల బీపీ ఎంతమందికి దిగింది, ఎంతమంది బతికారు అన్న పరీక్షా ఫలితం అడిగేవాళ్లు అరుదు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలకు, సర్జాపుర రోడ్డు మీది ఆసుపత్రుల యాజమాన్యాలకు కూడా విన్నపం ఒకటే. ఏ పరికరమైనా కొనే ఫైలులో అదే పేజీ మీద మూడు విషయాలు రాయండి: సలహా వచ్చాక రోగి వెంట పడే మనిషి ఎవరు, ఆ మనిషి జీతం ఏ ఖాతా నుంచి, సలహాలో వచ్చే మందు నిల్వ ఎన్ని నెలలకు సరిపోతుంది. ఆ మూడు గళ్లు ఖాళీగా ఉంటే ఫైలు తిప్పి పంపండి, ఆ డబ్బుతో బిళ్లలు కొనండి.